జెస్సీ ఓవెన్సు: పరుగు రక్తములో నుండునా?

ప్రతి సంవత్సరమును మన పాఠశాలలో ఆటల పందెములు జరుగు దినమున ఒక మాట తప్పక నా చెవిని బడుచుండును. గెలిచిన బాలుని బంధువులు పరుగు తమ వంశములోనే యున్నదని సంతోషింతురు. ఓడిన బాలుని తల్లిదండ్రులు తమ యింట ఎవరికిని లేని విద్య వీనికి ఎక్కడనుండి వచ్చునని తమ్ము తాము ఓదార్చుకొందురు. ఇరువురును చెప్పునది ఒక్కటియే. మనుష్యుని శక్తి వాని రక్తములో ముందుగనే వ్రాయబడి యున్నదని వారి తాత్పర్యము.

ఈ మాటను నేనును నమ్మినవాడనే. ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని పనిలో చేరిన క్రొత్తలో, సన్నని కాళ్లుగల బాలుడొకడు 100 మీటర్ల పందెమునకు తన పేరు వ్రాసికొనుమని నా యొద్దకు వచ్చెను. వాని తండ్రి కుట్టుపని చేసికొని బ్రతుకువాడు. నేను ఆ కాళ్లవంక చూచి, తండ్రి వృత్తిని తలచుకొని, పరుగు వానికి పట్టుబడదనియు చిత్రలేఖనమునకు పేరిచ్చుకొమ్మనియు చెప్పి పంపివేసితిని. ఆ పిల్లవాడు మారు పలుకలేదు. మరల ఏ సంవత్సరమును పేరియ్యలేదు. ఒక్క పర్యాయమైనను పరుగెత్తించి చూడకయే తీర్పు చెప్పితిని. కొంతకాలమునకు జెస్సీ ఓవెన్సు జీవితమును చదివినప్పుడు నేను చేసిన పని యెట్టిదో నాకు తెలియవచ్చినది. అందుచేతనే ఆ క్రీడావీరుని చరిత్రమును మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఈ పత్రికాముఖమున విన్నవింపదలచితిని.

జెస్సీ ఓవెన్సు 1913వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన అమెరికా దేశమునందలి అలబామా రాష్ట్రములో ఓక్విల్ అను పల్లెయందు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జేమ్సు క్లీవ్‌లండు ఓవెన్సు. తండ్రి హెన్రీ, తల్లి మేరీ ఎమ్మా. వారి పదిమంది బిడ్డలలో ఇతడే కడగొట్టువాడు. ఇతని తాతలు బానిసలుగా నుండినవారు. బానిసత్వము చట్టముచేత రద్దయి ఏబది యేండ్లు దగ్గరపడుచున్నను నల్లవారి బ్రతుకులు అంతగా మారలేదు. హెన్రీ ఓవెన్సునకు సొంత భూమి లేదు. తెల్లదొరల ప్రత్తి చేలలో పంటను పంచుకొను ఒప్పందముమీద సేద్యము చేయుచుండెను. పంట యెంత వచ్చినను అప్పు తీరెడిది కాదు. పిల్లలు నడక నేర్చిన కొలదికాలమునకే ప్రత్తి తీయుటకు పోవలసినదే.

అట్టి యింట పుట్టిన ఈ బాలుడు మిగుల రోగిష్ఠివాడు. చలికాలము వచ్చినదన్న దగ్గును జ్వరమును వానిని విడిచెడివి కావు. ఊపిరితిత్తులు బలహీనములు. ఐదేండ్ల ప్రాయమున రొమ్ముమీద ఒక కంతి లేచెను. వైద్యుని పిలిపించుటకు ధనము లేదు. తల్లి కత్తిని కాల్చి, ప్రార్థన చేసికొని, తన చేతులతోనే దానిని కోసి తీసివేసెను. రక్తము చాల పోయినను బిడ్డ బ్రతికెను. ఆ దినమున ఆ గుడిసెలోనికి ఏ పండితుడైనను వచ్చి ఆ బాలుని చూచియుండినయెడల, ఇతడు లోకములోకెల్ల వేగవంతుడగునని చెప్పియుండునా? బ్రతికిన చాలునని చెప్పి వెడలిపోయి యుండును.

జేమ్సునకు తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి ఆ కుటుంబము పల్లె విడిచి, ఉత్తరముననున్న ఓహాయో రాష్ట్రములోని క్లీవ్‌లండు పట్టణమునకు వలసపోయెను. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములనుండి లక్షలాది నల్లవారు మంచి కూలికొరకును, భయములేని బ్రతుకుకొరకును ఉత్తరపు పట్టణములకు తరలిపోవుచుండిరి. తండ్రియు అన్నలును ఉక్కు కర్మాగారములలో పని దొరికిన దినములలో పని చేసిరి. తల్లి పరుల యిండ్ల బట్టలుతికెను. పాఠశాలలో చేర్చిన దినమున ఉపాధ్యాయురాలు పేరడుగగా, బాలుడు ఇంట పిలుచు విధముగా జే.సీ. అని దక్షిణపు యాసతో చెప్పెను. ఆమె చెవికి అది జెస్సీ యని వినబడెను. ఆమె అట్లే పుస్తకములో వ్రాసికొనెను. బిడియస్థుడైన ఆ బాలుడు దిద్దుటకు సాహసింపలేదు. నాటినుండి అదియే అతని పేరయ్యెను.

ఫేర్‌మౌంట్ జూనియర్ హైస్కూలులో చార్లెసు రైలీ అను వ్యాయామోపాధ్యాయుడుండెను. ఆయన తెల్లవాడు. మధ్యాహ్నపు తీరికలో ఆడుకొను పిల్లలను చూచుచు, ఒకనాడు ఈ బక్కపలుచని బాలుని అడుగులలోని తేలికను ఆయన గమనించెను. సాయంకాలము పందెములకు శిక్షణ యిచ్చెదను రమ్మని పిలువగా, బడి విడిచిన వెంటనే తనకు పని యున్నదనియు, కిరాణా సరకులు ఇండ్లకు చేర్చుట, చెప్పులు బాగుచేయు అంగడిలో కూలిచేయుట మొదలగునవి తనకు తప్పవనియు బాలుడు విన్నవించుకొనెను. రైలీగారు క్షణమైనను విసుగుకొనలేదు. అట్లయిన బడికి ముందు, తెల్లవారుజామున కలిసికొందమనిరి. ఆనాటినుండి సంవత్సరముల తరబడి గురుశిష్యులిరువురును బడిగంట మ్రోగకమునుపే వీథిలో కలిసికొనెడివారు. ఆ పిల్లవాని యింట తగిన ఆహారము లేదని యెరిగి, రైలీగారు తమ యింటినుండి ఉదయపు భోజనము తెచ్చి యిచ్చెడివారు. ఒక పర్యాయము వానిని గుఱ్ఱపు పందెములకు తీసికొనిపోయి, గుఱ్ఱములు ముఖము బిగబట్టక, నేలను తేలికగా తాకుచు ఎట్లు పరుగెత్తునో చూపించిరి. నేల నిప్పువలె కాలుచున్నదని భావించి పాదమును వెంటనే పైకెత్తుమని నేర్పిరి. తరువాతి కాలమున లోకమంతయు మెచ్చుకొన్న ఓవెన్సు పరుగులోని సొగసు ఆ తెల్లవారుజాముల ఫలము.

ఈస్టు టెక్నికల్ హైస్కూలులో చదువుచున్నప్పుడు, 1933వ సంవత్సరమున చికాగోలో జరిగిన జాతీయ పాఠశాలల పోటీలలో అతడు 100 గజములను 9.4 సెకండ్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుతో సమానమయ్యెను. పిమ్మట ఓహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడ లారీ స్నైడరు అతని శిక్షకుడు. అంతటి ఆటగానికి విద్యార్థివేతనము లేదు. చదువుచు, పనిచేయుచు, పరుగెత్తుచు కాలము గడపవలసివచ్చెను. నల్లవాడైనందున విశ్వవిద్యాలయపు వసతిగృహములో నివసింప వీలులేదు. పోటీలకు ప్రయాణము చేయునప్పుడు తెల్లవారైన సహచరులు భోజనశాలలో కూర్చుండి తినుచుండగా, ఇతడును తక్కిన నల్లవారును పొట్లములు తెచ్చుకొని బండిలో తినెడివారు.

1935వ సంవత్సరము మే 25వ తేదీన మిషిగాన్ రాష్ట్రమునందలి ఆన్ ఆర్బరులో విశ్వవిద్యాలయముల పోటీలు జరిగెను. కొలది దినములకు ముందు ఓవెన్సు మెట్లపైనుండి జారిపడి వెన్నునకు దెబ్బ తగిలించుకొనియుండెను. వంగుటయే కష్టముగా నుండినందున శిక్షకుడు అతనిని దింపుటకు సందేహించెను. మొదటి పందెములో మాత్రము ప్రయత్నింతునని అతడు బ్రతిమాలెను. 3 గంటల 15 నిమిషములకు 100 గజములను 9.4 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డును సరిపుచ్చెను. 10 నిమిషముల పిమ్మట లాంగ్ జంపులో ఒక్కసారియే దూకి, 26 అడుగుల 8¼ అంగుళములు, అనగా 8.13 మీటర్లు దాటెను. ఆ రికార్డు 25 సంవత్సరములు చెక్కుచెదరలేదు. తరువాత 220 గజములను 20.3 సెకండ్లలోను, 220 గజముల అడ్డుకంచెల పందెమును 22.6 సెకండ్లలోను ముగించి రెండు క్రొత్త రికార్డులు నెలకొల్పెను. 4 గంటలకు అంతయు ముగిసినది. ముప్పావు గంటలో మూడు ప్రపంచ రికార్డులు విరుగుటయు, ఒకటి సమమగుటయు క్రీడాచరిత్రలో అంతకుముందు ఎన్నడును వినబడలేదు.

ఇంతటి విజయము కలిగినప్పుడు లోకము దానికి కారణము వెదకును. కొందరు రైలీగారి తెల్లవారుజాములను చూడలేదు. అతని చర్మము రంగును చూచిరి. నల్లవారి మడమ యెముక పొడవనియు, పిక్క కండరము కురుచయై దాని నరము నిడుదగా నుండుననియు, అందుచేత వారికి పరుగు పుట్టుకతో వచ్చుననియు వ్రాసిరి. పైకి ఇది పొగడ్తవలె కనబడును. కాని దీని యడుగున దాగిన భావము వేరు. శ్రమయు, బుద్ధియు, పట్టుదలయు తెల్లవారివనియు, నల్లవాడు గెలిచిన అది జంతువు పరుగువంటిదనియు దాని అర్థము. 1936 నాటి అమెరికా జట్టునకు సహాయ శిక్షకుడైన డీన్ క్రామ్‌వెల్ కూడ, నల్లవారి పూర్వులు అడవులలో ప్రాణరక్షణకై పరుగెత్తినందున ఈ వేగము వచ్చినదను అభిప్రాయమును 1941లో తన పుస్తకమున ప్రకటించెను.

ఈ వాదమును కొలతబద్దతో పరీక్షించినవాడు డాక్టరు విలియం మాంటేగ్ కాబ్. ఆయనయు నల్లజాతివాడు. వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయములో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించిన పండితుడు. ఆయన ఓవెన్సు కాళ్లను, పాదములను, పిక్కలను స్వయముగా కొలిచి, ఎక్సురే చిత్రములు తీయించి, 1936లో తన పరిశోధనను ప్రకటించెను. అందులో తేలిన విషయము విచిత్రమైనది. నల్లవారి లక్షణములని పండితులు చెప్పుచు వచ్చిన మడమగాని, పాదముగాని, పిక్కగాని ఓవెన్సునకు లేవు. వారి లెక్క ప్రకారము చూచినచో అతని పిక్క తెల్లవారి పిక్కవలె నుండెను. నల్లజాతి విజేతలందరికిని సామాన్యమైన శరీర లక్షణమొక్కటియు లేదనియు, ఒకరి పరుగు తీరు వేరొకరి పరుగు తీరువలె లేదనియు ఆయన చూపెను. శిక్షణమును ప్రోత్సాహమును విజయమునకు హేతువులని నిర్ణయించెను.

ఆ దినములలోని రికార్డు పట్టికను చూచినను ఇదియే తేటపడును. 9.4 సెకండ్ల రికార్డును 1930లో నెలకొల్పినవాడు ఫ్రాంకు వైకాఫ్ అను తెల్లవాడు. ఓవెన్సు సరిపుచ్చినది ఆయన రికార్డునే. లాంగ్ జంపులో ఓవెన్సు దాటిన 7.98 మీటర్ల రికార్డు 1931నుండి జపాను దేశీయుడైన చూహెయి నంబుది. 1928లో ఒలింపిక్ 100 మీటర్ల పందెమును గెలిచినవాడు కెనడావాడైన పర్సీ విలియమ్సు. వేగము ఏ ఒక్క జాతి సొత్తయినయెడల ఈ పేర్లు ఆ పట్టికలోనికి ఎట్లు వచ్చెను?

1936వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ రాజధానియైన బెర్లినులో ఒలింపిక్ క్రీడలు జరిగెను. అప్పుడా దేశమును ఏలుచున్న హిట్లరు ప్రభుత్వము మనుష్యులను రక్తమునుబట్టి ఉత్తములనియు అధములనియు విభజించి, 1935లో యూదుల పౌరహక్కులను చట్టముచేత తీసివేసియుండెను. అట్టి చోటికి అమెరికా పక్షమున 18 మంది నల్లజాతి క్రీడాకారులు పోయిరి. వారిలో ఓవెన్సు ఒకడు. ఆగస్టు 3వ తేదీన అతడు 100 మీటర్లను 10.3 సెకండ్లలో ముగించి మొదటి బంగారు పతకమును పొందెను. 4వ తేదీన లాంగ్ జంపులో 8.06 మీటర్లు దూకి రెండవది, 5వ తేదీన 200 మీటర్లను 20.7 సెకండ్లలో పరుగెత్తి మూడవది గెలిచెను.

లాంగ్ జంపులో అతనికి గట్టి పోటీ యిచ్చినవాడు జర్మనీ యువకుడు లుట్జ్ లాంగు. ఓడిపోయిన లాంగు అందరికంటె ముందుగా వచ్చి ఓవెన్సును అభినందించి, ఆ ప్రభుత్వపు పెద్దలు చూచుచుండగనే చేయి చేయి కలిపి మైదానములో నడచెను. ఆ స్నేహము నిలిచినది. లాంగు 1943లో యుద్ధమున సిసిలీ ద్వీపమునందు మరణించెను. యుద్ధానంతరము ఓవెన్సు జర్మనీకి పోయి అతని కుమారుని కలిసికొనెను.

హిట్లరు ఓవెన్సుతో చేయి కలుపక అవమానించెనను కథ లోకములో వ్యాపించియున్నది. జరిగినది కొంత వేరు. మొదటి దినమున హిట్లరు కొందరు విజేతలను రప్పించుకొని అభినందించెను. కాని నల్లజాతివాడైన కార్నీలియసు జాన్సను ఎత్తు దూకుటలో బహుమతి పొందుటకు ముందుగనే లేచిపోయెను. అభినందించిన అందరిని అభినందింపవలెను, లేనియెడల ఎవరిని అభినందింపరాదని ఒలింపిక్ సంఘమువారు తెలుపగా, అటుపిమ్మట బహిరంగముగా ఎవరిని అభినందింపలేదు. ఓవెన్సు గెలిచినది ఆ తరువాతనే.

నాలుగవ పతకము వెనుక ఒక దుఃఖము కలదు. నలుగురు కలిసి పరుగెత్తు 400 మీటర్ల రిలే పందెమునకు మొదట నిర్ణయింపబడిన వారిలో మార్టీ గ్లిక్‌మన్, సామ్ స్టోలర్ అను ఇరువురు యూదులుండిరి. పందెపు దినము ఉదయమున శిక్షకులు వారిని తొలగించి, ఓవెన్సును రాల్ఫు మెట్‌కాఫును ఆ స్థానములలో నియమించిరి. తనకు పతకములు చాలుననియు, ఆ యిరువురినే పరుగెత్తనిమ్మనియు ఓవెన్సు కోరెను. చెప్పిన పని చేయుమని శిక్షకులు గద్దించిరి. జట్టు 39.8 సెకండ్లలో ప్రపంచ రికార్డుతో గెలిచెను. ఆ జట్టులో ఓవెన్సు పక్కనే పరుగెత్తి బంగారు పతకము పొందినవాడు ఆ ఫ్రాంకు వైకాఫే. పుట్టుకను చూచి మనుష్యుని ప్రక్కకు తోయు దోషము ఒక్క జర్మనీలోనే లేదని ఈ సంగతి మనకు తెలుపుచున్నది.

నాలుగు బంగారు పతకములతో తిరిగివచ్చిన ఓవెన్సునకు న్యూయార్కు వీథులలో గొప్ప ఊరేగింపు జరిగెను. కాని ఆయన గౌరవార్థము విందు జరిగిన వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులోనే పై యంతస్తునకు పోవుటకు సామానులెక్కించు లిఫ్టు ఎక్కవలసివచ్చెను. దేశాధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆయనను పిలిపింపలేదు. అభినందన తంతియైనను పంపలేదు. ఐరోపాలో ఇంకను ప్రదర్శన పందెములు చేయుమన్న క్రీడాసంఘమువారి మాట కాదని యింటికి వచ్చినందున వారు ఆయనను పోటీలనుండి బహిష్కరించిరి. ఇరువదిమూడేండ్ల ప్రాయమున, శక్తి నిండుగా నున్నప్పుడే, ఆయన పోటీల జీవితము ముగిసిపోయెను.

పతకములు కూడు పెట్టలేదు. భార్య రూతును బిడ్డలను పోషింపవలెను. 1936 డిసెంబరులో క్యూబా దేశపు హవానా నగరములో ధనముకొరకు ఒక గుఱ్ఱముతో పోటీపడి పరుగెత్తెను. తరువాతను అట్టి ప్రదర్శనములు పెక్కు చేసెను. బాల్యమున గుఱ్ఱములను చూచి పరుగు నేర్చినవాడు పెద్దవాడై గుఱ్ఱములతో పందెమాడవలసివచ్చెను. బట్టలు శుభ్రముచేయు వ్యాపారమొకటి పెట్టి నష్టపడి, 1939లో దివాలా తీసెను. అయినను నిరాశపడలేదు. చికాగోలో స్థిరపడి, పేద బాలుర క్రీడాశిక్షణకై పాటుపడెను. మంచి వక్తయని పేరుపొందెను. 1955లో అమెరికా ప్రభుత్వము ఆయనను సౌహార్ద రాయబారిగా పంపగా మన భారతదేశమునకును వచ్చి, ఇచ్చటి యువకులకు పరుగులో మెలకువలు నేర్పెను. 1976లో అధ్యక్షుడు ఫోర్డు ఆయనకు స్వాతంత్ర్య పతకమును ప్రదానము చేసెను. బెర్లిను విజయమునకు అప్పటికి 40 సంవత్సరములు గడచినవి. 1980 మార్చి 31వ తేదీన అరిజోనా రాష్ట్రమందలి టూసాను పట్టణములో ఊపిరితిత్తుల క్యాన్సరుచేత ఆయన మరణించెను. చాలకాలము దినమునకొక పెట్టె చొప్పున సిగరెట్లు కాల్చు అలవాటు ఆయనకుండెను. అంతటి దేహమును సయితము పొగాకు విడిచిపెట్టలేదని బాలురు జ్ఞాపకముంచుకొందురుగాక. 1984లో బెర్లిను నగరమువారు ఆ క్రీడామైదానము చెంతనున్న వీథికి ఆయన పేరు పెట్టిరి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఓవెన్సు పరుగెత్తిన కాలమున వంశలక్షణములను మోయు పదార్థము డీఎన్ఏ యని శాస్త్రజ్ఞులకే తెలియదు. అది 1944లో ఋజువయ్యెను. దాని నిర్మాణము 1953లో తెలిసెను. రక్తమునుగూర్చి నాడు అంత ధైర్యముగా మాటలాడినవారు తెలియని దానిని తెలిసినట్లు మాటలాడిరి. ఇప్పుడు కొంత తెలిసినది. ఆ తెలిసినది ఏమని చెప్పుచున్నది?

మన కండరములలో త్వరితముగా బిగియు తంతువులు కలవు. వానిలో ఆల్ఫా యాక్టినిన్ 3 అను మాంసకృత్తు ఉండును. దానిని తయారుచేయు జన్యువునకు ఏసీటీఎన్ 3 యని పేరు. తల్లినుండి ఒకటియు తండ్రినుండి ఒకటియు మనకు దాని ప్రతులు రెండు సంక్రమించును. రెండును పనిచేయనివైనచో ఆ మాంసకృత్తు పుట్టదు. లోకములో సుమారు నూటికి 18 మంది యిట్టివారు. వారు రోగులు కారు. మనవలెనే నడచి తిరుగుదురు. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన దానినిబట్టి, ఆ దేశపు అగ్రశ్రేణి వేగపు క్రీడాకారులలో ఇట్టివారు నూటికి 6 మంది మాత్రమే. కావున జన్యువునకు వేగముతో సంబంధము కలదనుట నిజము.

కాని ఇంతటితో ఆగరాదు. కెన్యా దేశములో దాదాపు అందరికిని పనిచేయు ప్రతి కలదు. అయినను ఆ దేశము ప్రసిద్ధికెక్కినది దూరపు పరుగులలో. మరియు 2007లో స్పెయిను పరిశోధకులు, రెండు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనిన లాంగ్ జంపు వీరుడొకనిని పరీక్షింపగా, అతనికి ఆ మాంసకృత్తు బొత్తిగా లేదని తెలిసెను. అతడు 8 మీటర్లకు మించి దూకినవాడు. జన్యు పరీక్షను నమ్మినవారెవరైనను బాల్యమున అతనిని చూచియుండినచో, నేను ఆ కుట్టుపనివాని కుమారుని పంపినట్లే పంపివేసి యుందురు.

ఒక్క జన్యువే గొప్ప బలమిచ్చిన ఉదాహరణమును లేకపోలేదు. ఫిన్లండు దేశపు మంచుపందెముల వీరుడు ఈరో మాంటిరాంటా 1960లోను 1964లోను కలిసి మూడు ఒలింపిక్ బంగారు పతకములు గెలిచెను. ఆయన రక్తములో ఎఱ్ఱకణములు సామాన్యులకంటె మిక్కిలి హెచ్చు. అందుచేత కండరములకు ప్రాణవాయువు సమృద్ధిగా అందును. దానికి కారణమైన జన్యుభేదమును 1993లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయితే ఆ భేదము ఒక జాతిది కాదు, ఒక కుటుంబముది. ఆ కుటుంబములో అది గల బంధువులు పెక్కుమంది యుండినను, మూడు బంగారు పతకములు తెచ్చినవాడు ఆయన యొక్కడే. జన్యువు తలుపు తెరచును. లోపలికి నడువవలసినది మనుష్యుడే.

జాతికిని వేగమునకును ముడిపెట్టుట ఎంత నిలకడలేనిదో కాలమే చూపినది. 1936 బెర్లిను క్రీడలలోనే 10,000 మీటర్ల పందెమున మొదటి మూడు స్థానములును ఫిన్లండు వారివే. దూరపు పరుగు ఉత్తరపు శీతలదేశముల సొత్తని ఆనాడు తలచిరి. తరువాతి కాలమున ఇథియోపియా, కెన్యా వాసులు ఆ పందెములను గెలువసాగిరి. మరల పండితులు కారణములను తిరగవ్రాసికొనవలసివచ్చెను. మనుష్యులలోని జన్యుభేదములలో నూటికి సుమారు 85 పాళ్లు ఒక్కొక్క జనసమూహములోని వ్యక్తుల నడుమనే యున్నవనియు, సమూహములకు సమూహములకు మధ్యనున్నది మిగిలిన కొంచెమేననియు 1972లో లెవంటిన్ అను శాస్త్రజ్ఞుడు లెక్కించి చూపెను. ఒకే వీథిలోని ఇరువురి నడుమను జన్యుభేదములు పెక్కు కలవు.

ఇప్పుడు కొన్ని వ్యాపారసంస్థలు పిల్లల ఉమ్మిని పరీక్షించి, వారు ఏ ఆటకు తగుదురో చెప్పెదమని తల్లిదండ్రులయొద్ద ధనము గైకొనుచున్నవి. 2015లో వివిధ దేశముల శాస్త్రజ్ఞులు కలిసి, పిల్లలలో క్రీడాప్రతిభను గుర్తించుటకు అట్టి పరీక్షలు పనికిరావని స్పష్టముగా ప్రకటించిరి. తల్లిదండ్రులు ఆ ధనముతో పిల్లలకు గ్రుడ్లును పాలును మంచి బూట్లును కొనియిచ్చిన మేలగును.

శ్రమించినవారందరును ఓవెన్సులగుదురని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పుట పిల్లలను మోసగించుట. పుట్టుకతో వచ్చిన దేహబలము ఆయనకు నిస్సందేహముగా కలదు. కాని ఆ దేహమే అలబామా పల్లెలో నిలిచిపోయినయెడల ప్రత్తి తీయుచు వంగిపోయియుండును. ఆ తల్లిదండ్రుల బిడ్డలు పదిమందిలో రైలీగారి కంటబడినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మండుగురి కాళ్లలో ఏమి దాగియుండెనో ఎవరును చూడలేదు. ఇది తలచినప్పుడు నాకు దుఃఖము కలుగును. లోకములో ఎందరు ఓవెన్సులు వాకిటిలోనుండియే పంపివేయబడిరో కదా!

బాలబాలికలారా, మీ తాతలెవరో, మీ తండ్రి యే పని చేయునో, మీ కాళ్లు సన్ననివో లావైనవో గడియారమునకు తెలియదు. గీతయొద్ద నిలువుడు, పరుగెత్తి చూడుడు. గెలిచిన సంతోషింపుడు, ఓడిన లాంగువలె ముందుగా పోయి గెలిచినవానిని కౌగిలించుకొనుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డలు పేరిచ్చుటకు పోవునప్పుడు వారిని వారింపకుడు. తోటి యుపాధ్యాయులారా, తెల్లవారుజామున ఒక గంట ముందు లేచుట మనకు కష్టమే. కాని అట్లు లేచిన ఒక గురువువలననే లోకమునకు జెస్సీ ఓవెన్సు దొరకెను.

నా మట్టుకు నేను, పందెమునకు పేరియ్య వచ్చిన ఏ బిడ్డను అటుపిమ్మట త్రిప్పి పంపలేదు. ఆ కుట్టుపనివాని కుమారుడు ఇప్పుడు పెద్దవాడై యుండును. వాని కుమారుడో కుమార్తెయో ఎప్పుడైన మన పాఠశాలకు వచ్చి పేరు చెప్పినచో, ఆ పేరును పట్టికలో మొట్టమొదట వ్రాసికొందును.